టూ-వే అనోవాలో లెక్కకు వచ్చేది మొక్కా, కుండీయా?

రాయగడ_ఎమ్మెస్సీ:
చోడి (రాగి) రెండు రకాలు, నీటి మోతాదులు మూడు. ఒక్కో జతకి మూడు కుండీలు, కుండీకి పది మొక్కలు. మొత్తం 180 మొక్కల వేరు పొడవు కొలిచాను. 180 అంకెలూ పెట్టి టూ-వే అనోవా (రెండు కారణాల ప్రభావాన్ని ఒకేసారి పరీక్షించే లెక్క) చేస్తే రకానికీ నీటికీ ఇంటరాక్షన్, అంటే నీటి ప్రభావం రకాన్ని బట్టి మారడం, సిగ్నిఫికెంట్ (కాకతాళీయం అనుకోలేనంత) వచ్చింది. కుండీ సగటులు 18 పెడితే పోయింది. మా గైడ్ 180 పెట్టమంటున్నారు. టెన్షన్‌గా ఉంది, మీరేమంటారు?

పర్లాకిమిడి_మాస్టారు:
కుండీలే బాబూ. నువ్వు నీళ్లు పోసింది కుండీకి. గోడ పక్క కుండీకి ఎండ తగ్గితే అందులోని పదింటికీ తగ్గుతుంది. ఒకే కుండలోంచి పది మెతుకులు పట్టి చూస్తే పది కుండలు వండినట్టు కాదు కదా! 180 పెడితే ఎర్రర్‌కి (కారణం తెలియని తేడాకి) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే దాన్ని అంచనా వేయడానికి మిగిలే స్వతంత్ర అంకెలు, 174, కుండీలతో అయితే 12. ఆ 174లో 162 ఒకే కుండీలోని మొక్కల మధ్య తేడావే. కుండీకీ కుండీకీ ఉన్న తేడా అందులో మునిగిపోతుంది.

బరంపురం_ల్యాబ్:
నేను ఒప్పుకోలేను మాస్టారూ. మా వైపు కాలేజీల్లో గ్రీన్‌హౌస్ ఎక్కడుంది? మేడ మీద ఎంత చోటుంటే అంతే. 12 డిగ్రీలతో ఇంటరాక్షన్ దొరకాలంటే ఎఫ్ (ప్రభావానికీ ఎర్రర్‌కీ ఉన్న నిష్పత్తి) 3.89 దాటాలి. నిజంగా ఉన్న ప్రభావాన్ని లేదనుకోవడమూ తప్పే. సగటులు తీసి సమాచారం పారేసే బదులు కుండీల మధ్య తేడాని రాండమ్ ప్రభావంగా పెట్టి నెస్టెడ్ అనోవా (మొక్కల్ని వాటి కుండీ లోపలివిగానే చూసే లెక్క) చేయొచ్చుగా?

పర్లాకిమిడి_మాస్టారు:
చేయండమ్మా, మంచిదే. కానీ అన్ని కుండీల్లోనూ పదేసి మొక్కలే కాబట్టి ఇంటరాక్షన్ ఎఫ్ సగటులతో వచ్చినదే వస్తుంది. పవర్ (ఉన్న ప్రభావాన్ని పట్టుకునే శక్తి) బాధ నిజమే, దానికి మందు డిజైన్‌లో ఉంది. అవే 180 మొక్కల్ని మూడేసి చొప్పున 60 కుండీల్లో వేస్తే ఎర్రర్‌కి 54 డిగ్రీలు. చిన్న పాలిథిన్ సంచులైనా చాలు.

ఇది అనోవాను తయారుచేసిన ఫిషర్‌కే జరిగింది. ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 12 బంగాళాదుంప రకాల మీద ఎరువుల ప్రభావం చూసి, మెకంజీతో కలిసి 1923లో వేసిన పేపర్‌లో ఎర్రర్ ఒక్కటే వాడారు. పెద్ద మడుల లోపల చిన్న మడులున్న సంగతి లెక్కకు రాలేదు. 1925 పుస్తకంలో ఆ డేటానే తీసుకుని ఎర్రర్‌ని రెండుగా విడదీశారు. మొక్కల్ని కుండీలుగా లెక్కపెట్టే ఈ తరహా పనికి 1984లో పర్యావరణ శాస్త్రవేత్త హర్ల్‌బర్ట్ సూడోరెప్లికేషన్ (ఉత్తుత్తి రెప్లికేషన్) అని పేరు పెట్టారు.

గుణుపురం_అగ్రి:
తమ్ముడూ, గైడ్‌తో వాదన పెట్టుకోకు. రెండు టేబుళ్లూ పట్టుకెళ్లి ఆ 162 సంగతి చూపించు. వైవాలో రెప్లికేషన్ (జతకి విడివిడి కుండీలు) ఎంత అని అడిగితే జవాబు చెప్పాల్సింది నువ్వే. సగటులతో నీటి ప్రభావం నిలిచిందా?

రాయగడ_ఎమ్మెస్సీ:
నిలిచిందక్కా. మరి ఇంటరాక్షన్ గురించి 'రెండు రకాలూ నీటి ఎద్దడిని ఒకేలా తట్టుకున్నాయి' అని రాయొచ్చా?

పర్లాకిమిడి_మాస్టారు:
అలా రాయకు. జతకి మూడు కుండీలతో తేడా తేలలేదని రాయి. ఆరు సగటులతో గ్రాఫ్ గీసి, 18 కుండీల చుక్కలూ దాని మీదే పెట్టు. గీతలు ఎంత విడిపోతున్నాయో, చుక్కలు ఎంత చెదిరి ఉన్నాయో చదివేవాళ్లకి కనబడాలి.