"నువ్వు కూడానా, బ్రూటస్?": ఆ మాట పడాల్సింది ఏ బ్రూటస్‌కి?

పాతపుటలు:
దగ్గరివాళ్లు వెన్నుపోటు పొడిస్తే మనవాళ్లూ వాడే లాటిన్ మాట "ఎట్ టు, బ్రూటే?", అంటే "నువ్వు కూడానా, బ్రూటస్?" క్రీ.పూ. 44 మార్చి 15న రోమ్ నియంత జూలియస్ సీజర్‌ని పొడిచి చంపినవాళ్లలో మార్కస్ బ్రూటస్ ఉన్నాడు, నిజమే. కానీ మిత్రద్రోహానికి అతన్నే మారుపేరు చేయడం అన్యాయం. అతను మొదట సీజర్ ప్రత్యర్థి పాంపే పక్షాన సీజర్ మీద యుద్ధం చేసినవాడు. క్రీ.పూ. 48లో గ్రీసులోని ఫార్సాలస్ దగ్గర ఓడిపోయాక సీజరే క్షమించి చేరదీశాడు.

అసలు ద్రోహి ఇంకో బ్రూటస్, డెసిమస్. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల నుంచీ సీజర్ మనిషి. సీజర్ వీలునామాలో రెండో వరస వారసుల్లో అతని పేరుంది. ఆ ఉదయం భార్య కల్పూర్నియా పీడకల వచ్చిందని వెళ్లొద్దంటే సీజర్ ఆగిపోబోయాడు. ఇంటికొచ్చి నచ్చజెప్పి సెనేట్ సభకు తీసుకెళ్లింది డెసిమసే!

నీలికలువ:
డెసిమస్ సంగతి ఒప్పుకుంటాను పాతపుటలు గారూ. అయినా మార్కస్‌ని అంత తేలిగ్గా వదలలేం. ఓడిన శత్రువుకి ప్రాణం, గవర్నర్ గిరీ, ఆపైన ప్రేటర్ (పెద్ద న్యాయాధికారి) పదవి ఇచ్చాడు సీజర్. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే కదా?

మూడోమెట్టు:
అసలు సీజర్ ఆ మాట అన్నాడా? రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ ప్రకారం 23 పోట్లు పడినా, మొదటి పోటుకి మూలగడం తప్ప ఏమీ అనలేదు. మార్కస్ మీదికి వస్తుంటే గ్రీకులో "నువ్వూనా, బిడ్డా?" అన్నాడని కొందరంటారని కూడా ఆయనే రాశాడు. అది బాధ కాదు, "నీకూ ఇదే గతి" అనే శాపం అని వాదించే పండితులున్నారు. లాటిన్ మాటకి ఇంత పేరు తెచ్చింది 1599 నాటి షేక్స్‌పియర్ నాటకం "జూలియస్ సీజర్".

పాతపుటలు:
ఆ నాటకంలో డెసిమస్ పేరు కూడా "డెసియస్" అయిపోయింది. అలా అతను తప్పించుకున్నాడు, నింద మార్కస్‌కి మిగిలింది. నీలికలువ గారూ, మార్కస్ మేలు మరిచాడంటే కాదనను. కానీ చేసింది దాచుకోలేదు. రెండు బాకులు, మధ్యలో స్వేచ్ఛకు గుర్తయిన టోపీ, కింద ఆ తేదీ పెట్టి నాణెమే వేయించాడు. ఒక్కడి ఏలుబడి లేని రిపబ్లిక్ కోసం చేశానని నమ్మాడు. నవ్వుతూ ఇంటికొచ్చి చావు దగ్గరికి నడిపించినవాడితో అతన్ని ఎలా కలుపుతాం?

నీలికలువ:
నమ్మి చేసినా ద్రోహం ద్రోహమేనండి. ఇంకో సంగతి చూడండి. అందరితో పెనుగులాడుతున్న సీజర్, మార్కస్ చేతిలో కత్తి చూశాక టోగా (ఒంటికి చుట్టుకునే రోమన్ వస్త్రం) తలమీదికి లాక్కుని ఎదిరించడం మానేశాడని కొందరు చెప్పినట్టు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. డెసిమస్‌ని చూసి కాదు. ఆ మాట సీజర్ అనకపోయినా, నా మటుకు అది మార్కస్‌దే.