మిద్దె మీది రంగు మొక్కలు: బట్టకు సరిపోతాయా, ఉత్త సరదానా?

మిద్దెతోట, తిరుపతి:
మూడు కుండీల్లో నీలిమందు మొక్కలు, పక్కనే రెండు వరసల బంతి పెట్టాను. కాటన్ చున్నీలకు ఇంటి రంగే వేయాలని. మా వదినేమో "బజార్లో పొడి కొంటే పోయేదానికి ఇంత తంటా ఎందుకు?" అంటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కాళహస్తి కోడలు:
మీ వదిన మాటే కరెక్ట్ అక్కా. మూడు కుండీల నీలి దేనికీ చాలదు. నేనూ ఒకసారి బక్కెట్ నిండా ఆకు కుక్కి రాత్రంతా నానబెట్టాను. పొద్దున ఆ పచ్చటి నీళ్లలో సున్నపు తేట పోసి, నురగ నీలంగా తిరిగేదాకా చెంబుతో ఎత్తిపోస్తూనే ఉన్నా. చేతులు పడిపోయాయి. అడుక్కి దిగింది చెంచాడు ముద్ద! అదీ ఊరికే నీళ్లలో కరగదు, మళ్లీ పులియబెట్టాలి. చివరికి ఒక చేతిరుమాలు అద్దుకున్నా. ఎరుపు కోసం చిరువేరు పెడదామన్నా, వేరు ముదరడానికి రెండేళ్లు. తవ్వితే మొక్క పోయినట్టే.

చిత్తూరు చేనేత:
లెక్కంతా ఆకు మీదే వేస్తే ఎట్లా అమ్మా? సగం పని బట్టను సిద్ధం చేయడంలోనే ఉంది. మీ కాళహస్తిలోనే కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ కలిపిన ఎనుము పాలల్లో ముంచి ఆరబెడతారు కదా. పాల కొవ్వు ఉంటే కలం గీత పాకదు. ఇనుము, బెల్లం పులిసిన నీళ్లు కరక్కాయ వగరుకు తగిలాకే నల్లగా తేలతాయి. పటిక పట్టించకుండా బంతి నీళ్లలో ఉడకబెట్టి, రంగు పోయిందని మొక్కను తిడితే ఏం లాభం? వంట పసుపు జోలికి మాత్రం పోవద్దు, పటిక వేసినా ఎండకు నిలవదు.

అలిపిరి పక్కిల్లు:
అసలు తిరుపతిలో బంతి పెంచడమేంది? పెళ్లయిన మర్నాడు మండపం వెనక్కి పోండి, వాడేసిన దండలు గోనె సంచులకొద్దీ ఉంటాయి. అడిగితే ఊరికే ఇస్తారు. కుండీలో పెంచితే బజార్లో దొరకనిదే పెంచాలి.

మిద్దెతోట, తిరుపతి:
దండల మాట బాగుంది, బంతి తీసేస్తా. నీలి మాత్రం పీకను. చేతిరుమాలు చాలు నాకు, చున్నీ సంగతి తర్వాత. ఈసారి పూత రాకముందే ఆకు కోస్తా. ఇదంతా వదినకు చదివి వినిపించా. ఏమీ అనలేదు గానీ, సాయంత్రం చూస్తే దానిమ్మ తొక్కలు చేటలో పోసి మిద్దె మీద ఎండబెట్టి ఉంది.