రెండో బోర్డు పెట్టిన రోజు నుంచి రెండూ క్లౌడ్‌లో నిలవడం లేదు

తణుకు డాబా:
మా డాబా మీది నీళ్ల ట్యాంకుకి మే నెలలో ఒక ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్) బోర్డు, నీటిమట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టాను. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. రోజూ రెండుసార్లు మెట్లెక్కి, మూత తీసి చూసేది. ఫోన్‌లో నీటిమట్టం కనిపించడం మొదలయ్యాక ఆ బాధ తప్పింది. రెండు నెలలు ఒక్క ఇబ్బంది లేదు.

పోయిన ఆదివారం కింద సంపుకి ఇంకో బోర్డు పెట్టాను. కోడ్ అదే, టాపిక్ (క్లౌడ్‌లో డేటా చేరే చోటు) పేరు మాత్రం మార్చాను. అప్పటి నుంచి రెండూ ఐదారు సెకన్లకోసారి తెగిపోయి మళ్లీ కలుస్తున్నాయి. కాసేపు ట్యాంకు ఆఫ్‌లైన్, కాసేపు సంపు ఆఫ్‌లైన్. అమ్మ మళ్లీ మెట్లెక్కుతోంది, అదే నా టెన్షన్. రూటర్‌ని హాల్లోంచి మెట్ల దగ్గరికి జరిపాను, అడాప్టర్లు మార్చాను. లాభం లేదు. రిపీటర్ కొనాలా?

సోల్డర్ పొగ:
ఇప్పుడే కొనకండి. తెగుతున్నది వైఫైయా, ఎంక్యూటీటీయా (బోర్డుకీ క్లౌడ్‌కీ మధ్య మెసేజ్‌లు నడిపే పద్ధతి) ముందు తేలాలి. తెగిన ప్రతిసారీ సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మెసేజ్‌లు కంప్యూటర్‌లో కనిపించే విండో) వైఫై స్టేటస్, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ బలం), క్లయింట్ స్టేట్ (ఎంక్యూటీటీ కనెక్షన్ పరిస్థితి), మిల్లిస్ (బోర్డు ఆన్ అయ్యాక గడిచిన టైము) ప్రింట్ చేయండి. మిల్లిస్ మళ్లీ మొదటి నుంచి వస్తుంటే బోర్డే రీస్టార్ట్ అవుతున్నట్టు. వైఫైలో డేటా పంపేటప్పుడు ఈఎస్‌పీ32 ఒక్కసారిగా 240 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది, కేబుల్ సన్నదైతే వోల్టేజి పడిపోతుంది.

తణుకు డాబా:
వైఫై స్టేటస్ ఎప్పుడూ 3. సిగ్నల్ ట్యాంకు దగ్గర -71, సంపు దగ్గర -58. స్టేట్ -3. మిల్లిస్ పెరుగుతూనే ఉంది. ఎంక్యూటీటీకి వాడిన లైబ్రరీ పబ్‌సబ్‌క్లయింట్.

సోల్డర్ పొగ:
3 అంటే వైఫై కలిసే ఉంది. ఇంత చిన్న డేటాకి -71 కూడా చాలు. క్లయింట్ స్టేట్ -3 అంటే కుదిరిన కనెక్షన్ మధ్యలో పోయింది. కోడ్ అదే అన్నారు, క్లయింట్ ఐడీ (బోర్డు క్లౌడ్‌కి చెప్పుకునే పేరు) కూడా అదేనా? ఒకే ఐడీతో రెండో బోర్డు వస్తే బ్రోకర్ (క్లౌడ్‌లో మెసేజ్‌లు అందుకునే సర్వర్) ముందున్నదాన్ని తప్పనిసరిగా తీసేస్తుంది, ఎంక్యూటీటీ నియమమే అది. తీసేసిన బోర్డు మళ్లీ కనెక్ట్ అయి రెండోదాన్ని నెట్టేస్తుంది. సంపు బోర్డు ప్లగ్ పీకి పది నిమిషాలు చూడండి. ట్యాంకు బోర్డు నిలిస్తే సంగతి ఇదే.

రిలే క్లిక్:
అవునండీ, నాకూ ఇదే జరిగింది. ఐడీ చివర ఆ బోర్డు మ్యాక్ అడ్రస్ (ప్రతి బోర్డుకీ వేరుగా ఉండే నంబరు) తగిలించండి, ఎన్ని బోర్డులు పెట్టినా కోడ్ మార్చక్కర్లేదు. ఇంకో మాట. రేపు మోటారు రిలే (మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కూడా కలపాలనుకుంటే, ట్యాంకు నిండగానే మోటారు ఆపే పని బోర్డులోనే జరగాలి. క్లౌడ్ నుంచి ఆర్డరు వచ్చేదాకా ఆగితే, నెట్ లేని పూట నీళ్లు వీధిలోకి పోతాయి.

తణుకు డాబా:
అన్నా, అదే! రెండింట్లోనూ ఐడీ "ట్యాంక్1" అనే ఉంది. ప్లగ్ పీకగానే ట్యాంకు బోర్డు కుదురుకుంది. మ్యాక్ అడ్రస్ కలిపి రెండింట్లోనూ కోడ్ ఎక్కించాను. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఒక్కసారే తెగాయి, అదీ కరెంటు పోయినప్పుడు. కరెంటు రాగానే రెండూ వాటంతటవే కలిశాయి. పొద్దున్నే అమ్మ మంచం మీద నుంచే ఫోన్ చూసి, "సంపులో సగమే ఉంది, మోటారు ఇప్పుడే వేయకు" అంది.