కెమెరా కదపకుండా భయం పుట్టించడం ఎలా? షార్ట్ ఫిల్మ్ సందేహం

ప్రశ్న: అత్తగారు పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే కోడలి కథ తీస్తున్నాం. దెయ్యం కనిపించదు, కెమెరా కదలదు. ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి కొన్ని సీన్లు తీశాం. చూసినవాళ్లకి టెన్షన్ బదులు ఆవలింతలొస్తున్నాయి. షాట్ల పొడవు తగ్గించమంటారా?

జవాబు: తగ్గిస్తే ఉన్నది కూడా పోతుంది తమ్ముడూ. ఆ ఫ్రేమ్‌లో చూసేవాడు వెతుక్కోవడానికి ఏముంది? మనిషి మధ్యలో, వెనక గోడ ఉంటే కళ్లకి పనుండదు. ఆమెని ఓ పక్కకి జరిపి, వెనక సగం తెరిచిన తలుపు, అవతల చీకటి గది కనిపించేలా పెట్టు. అక్కడ ఏమీ జరక్కపోయినా చూపు అటే పోతుంది.

‘ది ఎగ్జార్సిస్ట్ 3’ (1990)లో ఆస్పత్రి కారిడార్ షాట్ చూడు. కెమెరా ఎక్కడో దూరంగా ఉంటుంది. నర్సు తన పనేదో తను చేసుకుంటూ ఉంటుంది. ఎంతసేపటికీ ఏమీ కాదు. ఓ గది తలుపు వేసి ఇటు తిరిగేసరికి వెనకాలే తెల్లబట్ట కప్పుకున్న ఆకారం, వెంటనే జూమ్! అప్పటిదాకా కదల్లేదు కాబట్టే ఆ జూమ్‌కి అంత దెబ్బ.

ఇంకో జవాబు: అన్నయ్య చెప్పిన షాట్ గొప్పదే కానీ, మీది ఇంటి కథ, జూమ్ జోలికి వెళ్లకండి. దర్శకురాలు షాంటల్ అకెర్మాన్ తీసిన ‘జాన్ డీల్‌మాన్’ (1975) చూడండి. మూడు గంటల పైచిలుకు, ఓ ఇల్లాలి వంటా గిన్నెలూ పక్క సర్దడమూ. మొదటి రోజుకే ఆవిడ పద్ధతి మనకి కంఠతా వచ్చేస్తుంది. రెండో రోజు బంగాళాదుంపలు మరీ ఉడికిపోతాయి, డబ్బు దాచే గిన్నెకి మూత పెట్టడం మరిచిపోతుంది. మూత లేని ఆ గిన్నె చూసి నాకు ఊపిరాడలేదు.

మీ కోడలు వీధి తలుపు గడియ పెట్టడం రెండు రాత్రులు పూర్తిగా చూపించండి. మూడో రాత్రి అదే చోటు, అదే ఫ్రేమ్, గడియ తీసి ఉండాలి. దానికి మ్యూజిక్ మాత్రం వెయ్యొద్దు.

ప్రశ్న: గడియ ఐడియా అదిరింది అక్కా! కానీ రాత్రి షాట్లలో వెలుతురు దానంతటదే పెరిగి తగ్గుతోంది, ఎందుకు?

జవాబు: ఆటో ఎక్స్‌పోజర్ పని అది, అంటే ఫోన్ వెలుతురుని తనే సర్దుకుంటోంది. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) మూడూ లాక్ చెయ్యి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెడితే ట్యూబ్‌లైట్ మినుకులు తగ్గుతాయి. స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే సెట్టింగ్) ఆపెయ్యి. అల్ట్రావైడ్ లెన్స్ (మరీ వెడల్పుగా చూపించేది) వద్దు, అంచుల్లో గుమ్మాలు సాగినట్టుంటే ట్రిక్కని తెలిసిపోతుంది. ఆమె ఫ్రేమ్ దాటగానే కట్ చెప్పకు, ఖాళీ గదిని ఇంకాసేపు తియ్యి. వంటింట్లో గిన్నె చప్పుడు విడిగా రికార్డు చేసుకుని అక్కడ వేసి చూడు.