ఈసీజీ నార్మల్, "టెన్షన్ అంతే" అన్నారు. డాక్టర్‌ని మార్చాలా?

నీలిగోరింట:
చాలాకాలంగా ఉన్నట్టుండి గుండెదడ వస్తోందండీ. ఊరికే కూర్చుని ఉన్నా స్విచ్ వేసినట్టు మొదలవుతుంది, కాసేపటికి అంత హఠాత్తుగానూ ఆగిపోతుంది. డాక్టర్ దగ్గరికి చేరేసరికి ఏమీ ఉండదు. ఈసీజీ, ఎకో రెండూ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి, నిద్ర చూసుకోండి" అన్నారు. ఆయన మా ఇంటిల్లిపాదినీ చూసే డాక్టర్, మంచి మనిషి. ఆయన్ని కాదని ఇంకొకరి దగ్గరికి వెళ్ళడానికి మనసు ఒప్పట్లేదు, వెళ్ళకపోతే భయం పోవట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

దారిదీపం:
నేనైతే ఇంకొకరికి చూపించుకుంటాను, మొహమాటం లేకుండా. మీరు చెప్పిన లక్షణాలే నాకూ ఉండేవి. ఆందోళన అనే అన్నారు, దానికి మందులు కూడా రాశారు. చివరికి తేలింది ఎస్‌వీటీ అని, అంటే గుండె పై భాగంలో కరెంటు అడ్డదారి పట్టి గిర్రున తిరగడం. ఇది నా ఒక్కదాని కథ కాదు. 1997లో వచ్చిన ఒక పరిశోధనలో ఎస్‌వీటీ ఉన్న 107 మందిని పరిశీలిస్తే, 67% మంది లక్షణాలు పానిక్ డిజార్డర్ (హఠాత్తుగా తీవ్రమైన భయం ముంచెత్తే మానసిక సమస్య) కొలతలకు సరిపోయాయి. సగానికి పైగా మందిలో మొదటి పరీక్షల్లో అసలు జబ్బు బయటపడనే లేదు. వాళ్ళలో "ఇది ఆందోళనే" అనిపించుకున్నవాళ్ళు మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. ఇది చదివాక నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది.

కాలినడక:
దారిదీపం గారూ, మీ బాధ అర్థమైంది. కానీ "మార్చేయండి" అన్నమాట అందరికీ సరిపోదు. నాకు గుండె మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు ఉండేది. ఎవరైనా "ఏం పర్లేదు" అంటే నమ్మేవాణ్ణి కాదు, ఇంకో డాక్టర్, మళ్ళీ అవే పరీక్షలు. ప్రతి కొత్త పరీక్షతో భయం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఉన్నవి ఎగస్ట్రా బీట్లు. గుండె నిర్మాణం బాగున్నప్పుడు ఇవి చాలామందికి హాని చేయవు. హోల్టర్‌లో (ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న ఈసీజీ మెషిన్) రోజు మొత్తం బీట్లలో అవి ఎంత శాతమో చూస్తారు. పది శాతమో అంతకు మించో ఉంటే గుండె కండరం బలహీనపడుతోందేమో అప్పుడప్పుడు ఎకోతో చూసుకోవాలి. నావి చాలా తక్కువ. ఈ లెక్క నాకు కాగితం మీద వివరించింది ఎవరో కొత్త స్పెషలిస్టు కాదు, మొదటి నుంచీ చూస్తున్న డాక్టరే. కాకపోతే ఆరోజు ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. పాత రిపోర్టులన్నీ ఒకరి దగ్గరే ఉండటం చిన్న విషయం కాదండీ.

తెల్లకాగితం:
నేను ఈసీజీ టెక్నీషియన్‌ని. మీ ఇద్దరూ డాక్టర్ గురించి వాదించుకుంటున్నారు, అసలు చిక్కు రికార్డింగ్ దగ్గర ఉంది. మామూలు ఈసీజీ పట్టేది 10 సెకన్లు. ఆ 10 సెకన్లలో దడ లేకపోతే కాగితం నార్మల్‌గానే వస్తుంది (కొందరిలో గుండెలో పుట్టుకతో ఉన్న అదనపు కరెంటు దారి మామూలప్పుడు కూడా కనిపిస్తుంది, అది వేరే విషయం). హోల్టర్ 24 గంటలో 48 గంటలో పెడతారు, ఆ రోజుల్లో దడ రాకపోతే అదీ నార్మలే. దడ రెండు వారాలకోసారి వచ్చేవాళ్ళకు ఒకరోజు హోల్టర్ పెట్టి "ఏమీ లేదు" అని పంపేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ళకు ఛాతీకి అతికించుకునే 14 రోజుల రికార్డింగ్ ప్యాచ్ మేలు. నెలల తరబడి రాకుండా ఉండి, వచ్చినప్పుడు స్పృహ తప్పేవాళ్ళకైతే చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ ఉంది, మూడేళ్ళు, ఆపైన కూడా పనిచేసేవి ఉన్నాయి. కాబట్టి నీలిగోరింట గారూ, "నాకు జబ్బు ఉందా" అనే బదులు "దడ వచ్చినప్పుడు పట్టుకునే పరీక్ష ఏది" అని మీ డాక్టర్‌ని అడగండి. ఆయన దానికి ఏమంటారో చూశాక మార్చాలో వద్దో మీకే తెలుస్తుంది.

దారిదీపం:
అడిగే ధైర్యం అందరికీ ఉండదండీ. ఎదురుగా పెద్దాయన, బయట క్యూలో జనం, మాట గొంతులోనే ఆగిపోతుంది. నన్ను ఇప్పుడు చూసే ఎలక్ట్రోఫిజియాలజిస్ట్ (గుండె లయ సమస్యల స్పెషలిస్టు) తనే అడిగారు: ఒక్కసారిగా మొదలవుతుందా, మెల్లగా పెరుగుతుందా? ఒక్కసారిగా ఆగుతుందా? మెడలో కొట్టుకున్నట్టు ఉంటుందా? ఈ మూడు ప్రశ్నలకే నాకు సగం నమ్మకం వచ్చేసింది. ఎబ్లేషన్ గురించి, అంటే సన్నని గొట్టం గుండెలోకి పంపి ఆ అడ్డదారిని మాడ్చేయడం గురించి కూడా దాచకుండా చెప్పారు. నాకున్న రకానికి 95% పైగా విజయవంతం అవుతుందని, అరుదుగా గుండెలోని సహజ కరెంటు దారి దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చని. ఆలోచించుకోవడానికి టైమిచ్చారు, తొందరపెట్టలేదు. ఈలోగా దడ వస్తే ఏం చేయాలో నేర్పారు: 15 సెకన్లు గట్టిగా ముక్కి, వెంటనే వెల్లకిలా పడుకుని, ఎవరితోనైనా కాళ్ళు పైకి ఎత్తి పట్టించుకోవడం. 2015లో వచ్చిన ట్రయల్‌లో ఈ పద్ధతితో 43% మందికి లయ మామూలైంది, అలా పడుకోకుండా ఊరికే ముక్కే పాత పద్ధతిలో 17% మందికే. ఇంట్లో చేయొచ్చో లేదో ముందు మీ డాక్టర్‌ని అడగండి.

చిలకపచ్చ:
నాది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం, దీంతో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు), ఏళ్ళుగా దాంతోనే బతుకుతున్నాను. టైమిచ్చి నవ్వుతూ మాట్లాడే డాక్టరే మంచి డాక్టర్ అనుకోవడం ప్రమాదం. నన్ను మొదట చూసిన ఒకాయన ఎంతో ఓపికగా మాట్లాడేవారు, కానీ దడ తగ్గింది కదా అని రక్తం పలచబరిచే మందు ఆపేయమన్నారు. ఆ మందు కావాలా వద్దా అనేది దడ తెలుస్తోందా లేదా అన్నదాన్నిబట్టి కాదు. వయసు, బీపీ, షుగర్, గుండె బలహీనత, అంతకుముందు పక్షవాతం వచ్చిందా లాంటివి చూసి పక్షవాతం ముప్పు ఎంతో లెక్క వేస్తారు. రెండో డాక్టర్ తక్కువ మాట్లాడతారు, కొంచెం కటువు కూడా. కానీ ఆ లెక్క నా ముందు వేసి, మందు ఎందుకో, రక్తస్రావం ముప్పు ఎంతో చెప్పారు. నేను ఆయన దగ్గరే ఉండిపోయాను.

కాలినడక:
ఇది ఒప్పుకుంటాను. కారణం చెప్పని ఆప్యాయత నాకూ వద్దు. అయినా ఒక్క సంప్రదింపుకే తీర్పు ఇవ్వొద్దంటాను.

నీలిగోరింట:
అందరికీ థాంక్స్. ఈ వారమే వెళ్ళి ప్యాచ్ గురించి అడుగుతాను. ఈలోగా మళ్ళీ వస్తే?

తెల్లకాగితం:
మొదలైన టైమ్, ఆగిన టైమ్, అప్పుడేం చేస్తున్నారో రాసుకోండి. ఈసీజీ తీసే వాచ్ ఉంటే ఆ 30 సెకన్ల రికార్డు సేవ్ చేయండి, ఊరికే పల్స్ నంబర్ కంటే అది పదిరెట్లు ఉపయోగం. దగ్గర్లో ఈసీజీ తీసేచోటు ఉంటే దడ ఆగకముందే వెళ్ళండి, కానీ బండి మీరు నడపొద్దు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడకపోయి ఉంటే అవీ అడగండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, పరుగెత్తుతున్నప్పుడు కళ్ళు తిరిగి పడినా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఉన్నా, ఏ డాక్టర్ అని ఆలోచించకండి. నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, కళ్ళు తిరిగి పడటం అయితే నేరుగా ఎమర్జెన్సీకి. కుటుంబ చరిత్ర అయితే ఈ వారం అపాయింట్‌మెంట్‌లో మొదటి మాటగా అదే చెప్పండి.