13 వేల మంది ఉన్న కిడ్లింగ్టన్ ఇంకా ‘విలేజ్’ ఏమిటండీ?

కాలువగట్టు:
ఆక్స్‌ఫర్డ్‌కి ఉత్తరాన ఎనిమిది కిలోమీటర్ల దూరంలో కిడ్లింగ్టన్‌లో ఉంటున్నాం, తొమ్మిదేళ్లయింది. 2011 లెక్కల్లో ఈ పారిష్ (మన పంచాయతీ లాంటిది) జనాభా 13,723. థేమ్స్ వ్యాలీ పోలీసు ప్రధాన కార్యాలయం ఇక్కడే. పక్కనే విమానాశ్రయం. 2015లో ఆక్స్‌ఫర్డ్ పార్క్‌వే స్టేషన్ కూడా వచ్చింది. అయినా మాది విలేజే! మొన్న పక్కింటి పెద్దాయనతో మాటల్లో ‘మన టౌన్’ అన్నాను. ఆయన నవ్వకుండా ‘విలేజ్’ అని సరిదిద్దాడు. తెలుగులో అయితే ఈ గొడవే లేదు, ‘ఊరు’ అంటే రెండూ అందులోనే పడతాయి. నా మాట సూటిగా చెబుతున్నా: టౌన్ అని ప్రకటించుకోవాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

మేజర్ పంచాయతీ:
తొందరపడకండి కాలువగట్టు గారూ. మన దగ్గర పంచాయతీని మున్సిపాలిటీలో కలుపుతామంటే ఊళ్లకు ఊళ్లు ధర్నాకి కూర్చుంటాయి. ఉపాధి హామీ పని పోతుంది, ఇంటిపన్ను పెరుగుతుంది, సర్పంచ్ పోయి ఎక్కడో కమిషనర్ వస్తాడు. అక్కడా లోపల అలాంటి లెక్కేదో ఉండే ఉంటుంది. ఊరికే వద్దంటారా?

నక్షా:
ఆ పోలిక ఇక్కడ అతకదండీ. ఇంగ్లండ్‌లో 1972 స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం పారిష్ కౌన్సిల్ ఒక తీర్మానం చేస్తే చాలు, ఊరు టౌన్ అయిపోతుంది. లండన్‌లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. అప్పటినుంచి పారిష్ కౌన్సిల్ టౌన్ కౌన్సిల్ అవుతుంది, ఛైర్మన్ టౌన్ మేయర్ అవుతాడు. అంతే. కొత్త అధికారం లేదు, కొత్త నిధులు లేవు. రోడ్లు, బడులు ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ చేతిలోనే ఉంటాయి. చెత్తబండి, ఇళ్ల అనుమతులు చెర్వెల్ జిల్లా కౌన్సిల్ చూస్తుంది. పారిష్‌కి మిగిలేవి ఆటస్థలాలు, హాళ్లు, కూరగాయలు పెంచుకునే మళ్లు. పేరు మారినా పన్ను తనంతట తాను పెరగదు, తగ్గదు.

కాలువగట్టు:
చూశారా? నష్టమేమీ లేదు. మరి మార్చుకోవడానికేం?

గుమ్మడిపువ్వు:
లాభమూ లేదుగా బాబూ! మా అమ్మాయి అక్కడ ఉన్న మూడేళ్లూ నేను వస్తూ పోతూ ఉన్నాను. మీరు పెద్ద రోడ్డు మీది షాపులు చూసి మాట్లాడుతున్నారు. ఒకసారి చర్చి స్ట్రీట్ వైపు నడవండి. సెయింట్ మేరీ చర్చి శిఖరం, దాని దగ్గరే 1671లో సర్ విలియమ్ మోర్టన్ కట్టించిన ముసలివాళ్ల ఆశ్రయపు ఇళ్లు, అటు పొలాలు. ఇంకోవైపు 1790కల్లా ఆక్స్‌ఫర్డ్ దాకా తవ్విన కాలువ. ఇదీ అసలు ఊరు. ఒకప్పుడు దీన్ని ‘కిడ్లింగ్టన్ ఆన్ ద గ్రీన్’ అనేవారట. ఆ పచ్చిక బయలుకి 19వ శతాబ్దం మొదట్లో కంచెలు పడ్డాయి, ఆ తర్వాత ఇళ్లు వచ్చాయి. మీరుండే వీధులు చాలావరకు కార్ల కాలంలో, ఆక్స్‌ఫర్డ్‌లో పని దొరికినవాళ్ల కోసం లేచినవే. అవి వచ్చాయని పాతదాని పేరు తీసేయాలా?

అన్నట్టు 2016లో చైనా పర్యాటకుల సంగతి గుర్తుందా? బస్సులకు బస్సులు బెన్మెడ్ రోడ్డులో దిగి మామూలు ఇళ్ల ముందు, తోటల్లో నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఎందుకో ఎవరికీ అంతు పట్టలేదు. చివరికి ఒక గైడ్ బయటపెట్టాడు. బ్లెన్‌హైమ్ ప్యాలెస్ చూడటానికి అదనంగా 68 డాలర్లు కట్టనివాళ్లను ఇక్కడ దించేసేవారట, ప్యాలెస్ దగ్గరే వదిలితే సొంతంగా టికెట్ కొనుక్కుని లోపలికి పోతారని! అయినా వాళ్లకు ఆ వీధి నచ్చింది. గులాబీలు, గడ్డి, నిశ్శబ్దం. మనకి కనపడని విలేజ్ వాళ్లకి కనపడింది.

కాలువగట్టు:
అమ్మా, కథ బాగుంది. కానీ గులాబీలు టౌన్‌లోనూ పూస్తాయి. నా బాధ వేరు. ‘మాది చిన్న ఊరు’ అని మనమే చెప్పుకుంటూ పోతే బస్సుల్లాంటివి గట్టిగా అడగలేం. 2020లో చెర్వెల్ ప్లాన్ ఆమోదించింది. ఆక్స్‌ఫర్డ్‌కి చోటు చాలక కిడ్లింగ్టన్, యార్న్‌టన్, బెగ్‌బ్రోక్ చుట్టూ 4,400 ఇళ్లు. దానికి తోడు 16,000 సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం ప్రతిపాదన. పసిపిల్లలతో సహా ఊరంతా వెళ్లి కూర్చున్నా సీట్లు మిగులుతాయి! దాన్ని పల్లె అంటే ఎవరు నమ్ముతారు?

చలిమంట:
నేను హల్ నగరం పక్కన కాటింగ్‌హామ్‌లో ఉంటాను. 2011లో మా జనాభా 17,164. అతి పెద్ద పల్లె మాదేనని మావాళ్లు అంటారు. ససెక్స్‌లో లాన్సింగ్, సర్రీలో క్రాన్లీ కూడా అదే అంటాయి. మీరు లెక్కలు అడుగుతున్నారు కానీ ఇక్కడ ఆ మాటకి అర్థం ‘మేం హల్ కాదు’ అని. 2014లో హల్ సరిహద్దు పెంచుతారన్నప్పుడు మా ఈస్ట్ రైడింగ్ కౌన్సిల్ జనాభిప్రాయం తీసుకుంది. ఓటేసినవాళ్లలో నూటికి 96 మందికి పైగా వద్దన్నారు. మీ పక్కింటి పెద్దాయన కూడా సైజు గురించి అని ఉండడు. ఆక్స్‌ఫర్డ్ గురించి అని ఉంటాడు.

మేజర్ పంచాయతీ:
ఇది నాకు అర్థమైంది. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లని అడగండి, ఇంకా బాగా చెబుతారు.

నక్షా:
చలిమంట గారి మాట నిజమే. కానీ అక్కడే ఒక మెలిక ఉంది, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఆక్స్‌ఫర్డ్ చుట్టూ ఇళ్లు కట్టకుండా ఖాళీగా కాపాడే గ్రీన్ బెల్ట్ పనుల్లో ఒకటి ఊళ్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోకుండా ఆపడం. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకం ఏమంటుందంటే, ఆ కాపలా టౌన్‌ల మధ్య ఖాళీకే, విలేజ్‌లకు కాదు. నగరం విస్తరించకుండా అడ్డుకునే నియమంలోనూ విలేజ్‌ని పెద్ద నిర్మిత ప్రాంతంగా లెక్కించరు. అంటే పొలాలు మిగలాలని ‘మాది విలేజ్’ అని పట్టుబట్టేవాళ్ల చేతికి ఆ మాటే అడ్డం రావచ్చు. నిర్మాణ వివాదాలు తేల్చే ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ బోర్డు మీది పేరుని కాక ఊరి తీరునే చూడాలని వాదించొచ్చు, నేనైతే అదే వాదిస్తాను. కానీ అవతలి లాయర్ మీ మాటనే మీకు చదివి వినిపిస్తాడు.

గుమ్మడిపువ్వు:
అయ్యో. ఇది నాకు తెలియదు.

కాలువగట్టు:
నాకూ తెలియదు, కాబట్టి గెలిచానని అనను. నేను బస్సుల కోసం టౌన్ అన్నాను, మీరు పొలాల కోసం టౌన్ అంటున్నారు. పక్కింటాయనకి ఎలా చెప్పాలో ఇప్పుడు టెన్షన్. టౌన్ అనగానే తలుపు వేసేసుకుంటాడు.

నక్షా:
ఆయనకి ఇంటి దగ్గర చెప్పకండి. ఏటా మార్చి 1, జూన్ 1 మధ్య పారిష్ సభ జరుగుతుంది. అది కౌన్సిలర్ల మీటింగ్ కాదు, ఓటర్లది. ఓటరు ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఇండియా పాస్‌పోర్టు అయినా కామన్వెల్త్ పౌరులుగా మీకు ఇక్కడ ఓటు ఉంటుంది. అసలు జాబితాలో పేరు ఉందా?

కాలువగట్టు:
నాది ఉంది. మా ఆవిడది ఇల్లు మారినప్పుడు పోయిందేమో, ఈ రాత్రే చూస్తాను. ఆవిడ మాత్రం విలేజ్ పక్షమే.