అప్‌డేట్: ఉర్దూ మీడియం క్లాసులో హిస్టరీ పాఠం, చివరికి ఏం తేలిందంటే

నెల కిందట ఇక్కడే అడిగాను. బీఈడీ టీచింగ్ ప్రాక్టీస్‌కి కర్నూలులో ఉర్దూ మీడియం ఎనిమిదో తరగతి ఇచ్చారు, నాకు ఉర్దూ రాదు, ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటు చెబితే పిల్లలు వరుస తారుమారు చేస్తున్నారని. సలహాలిచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్.

అసలు సంగతి మా గైడ్ మేడం వెనక బెంచీలో కూర్చుని పట్టుకున్నారు. నేను బోర్డు మీద ఎడమ నుంచి కుడికి గీత గీసేదాన్ని: 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు దీక్ష, డిసెంబర్ 15న మరణం, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం. ఉర్దూ చదివే పిల్లలు కుడి వైపు నుంచి మొదలుపెడుతున్నారు! అందుకే వాళ్లకు రాష్ట్రం ముందు, దీక్ష తర్వాత. ఇప్పుడు పై నుంచి కిందికి గీస్తున్నా, తికమక పోయింది.

మీ సలహాల్లో పదాల చార్టు బాగా పనిచేసింది. ఆ పిల్లలకు వీధి తెలుగు వచ్చు, పుస్తకం తెలుగే అడ్డం. 'నిరాహార దీక్ష' పక్కన ఒక పాప ఉర్దూలో 'భూఖ్ హర్తాల్' అని రాయగానే క్లాసంతా "ఓ, అదా!" అంది. రాజధాని అంటే 'దారుల్ హుకూమత్' అని నాకు నేర్పిందీ వాళ్లే. మన ఊళ్లో అప్పట్లో ప్రభుత్వ ఆఫీసులు గుడారాల్లో నడిచాయంటే, ఎక్కడ మేడం అని వెంటపడ్డారు.

ట్రాన్స్‌లేషన్ యాప్ అక్కరకు రాలేదు. ఉర్దూ కోర్సులో చేరాలన్న టెన్షన్ కూడా అనవసరం.